ఓడిపోతున్న కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి నిలిచే ఫ్యాన్స్ ఎక్కణ్ణుంచి వస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో ఓ మధ్యస్థ స్థాయి స్టేట్ యూనివర్సిటీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేస్తున్నారు, అక్కడి అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉన్నారు. ఫుట్‌బాల్ (కాలితో తన్నే ఆట కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్ రెండు సీజన్లుగా ఓడుతోంది, స్టేడియం సగం ఖాళీ. ఫ్రీ టీషర్టులు ఇచ్చారు, డీజేని పెట్టారు, టికెట్లు ఊరికే పంచారు. వచ్చినవాళ్ళు మళ్ళీ రావట్లేదు. గెలిచినా ఓడినా ఏళ్ళ తరబడి వచ్చే అభిమానుల్ని తయారుచేయడం అసలు అయ్యే పనేనా అని అడిగారు.

అయ్యే పనే. కాకపోతే ఒక్క సీజన్లో అవదు. మొదటి ఏడాది విద్యార్థి మొదటి మూడు హోమ్ గేమ్‌లకీ వచ్చి, ప్రతిసారీ అదే స్నేహితులతో, అదే చోట కూర్చునేలా చూడగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం ఏమిటంటే, ఇప్పటికే వస్తున్నవాళ్ళ అలవాట్లను మన ఆఫీసే చెడగొట్టకుండా కాపాడుకోవడం. నన్నడిగితే ఈ రెండోదే కష్టం, ఎందుకంటే అక్కడ మీరు పోట్లాడాల్సింది మీ పైవాళ్ళతోనే.

ఇది చెప్పడానికి నేనెవర్ని అంటారా, మాది తెనాలి. 2005లో ఎంఐఎస్ చదవడానికి మిడ్‌వెస్ట్‌లో ఓ యూనివర్సిటీకి వచ్చాను. మొదటి సెమిస్టర్లో దొరికిన ఆన్‌క్యాంపస్ ఉద్యోగం స్టేడియంలో నాచోస్ కౌంటర్. ఆ సీజనంతా పనిచేసి ఒక్క టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించి స్కోరు చేయడం) కూడా చూడలేదు. నెత్తిమీద కాంక్రీటు మెట్ల మీద వేలమంది ఒక్కసారి ఎగిరితే చీజ్ డబ్బా వణికేది. నా పక్కన పనిచేసే పెద్దావిడ, అక్కడ పాతికేళ్ళుగా అదే కౌంటర్లో ఉన్న మనిషి, ఒక్కో కేకకీ అర్థం చెప్పేది. ఇది మనవాళ్ళు పది గజాలు దాటించిన ఫస్ట్ డౌన్ కేక, ఇది రిఫరీని తిట్టే కేక, ఇది మనవాడికి దెబ్బ తగిలినప్పటి నిశ్శబ్దం. రూల్స్ తెలియకముందే నాకు ఆ శబ్దాలు తెలిశాయి. నవంబరు వచ్చేసరికి "మనవాళ్ళు కొట్టారు" అని నేనే ముందు అనడం మొదలుపెట్టాను. తర్వాతి ఏడాది టికెట్ ఆఫీసులో డేటాబేస్ చూసే స్టూడెంట్ వర్కర్‌గా చేరాను, చదువయ్యాక అక్కడే ఉద్యోగం ఇచ్చారు. పదిహేడేళ్ళు సీజన్ టికెట్లు, రెన్యూవల్స్, స్టూడెంట్ సెక్షన్ చూశాను. మాది పెద్ద టీమేమీ కాదు, ఆ పదిహేడేళ్ళలో ఎక్కువ సీజన్లు ఓడినవే.

"మనవాళ్ళు" అన్న మాట దగ్గరే కాసేపు ఆగాలి. 1976లో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు కలిసి అమెరికాలో ఏడు యూనివర్సిటీల్లో చేసిన ఓ చిన్న పరిశీలనను ప్రచురించారు. శనివారం ఫుట్‌బాల్ టీమ్ గెలిస్తే, సోమవారం క్లాసుకి యూనివర్సిటీ పేరున్న బట్టలేసుకొచ్చేవాళ్ళు పెరిగేవారు. ఆట గురించి మాట్లాడమంటే, గెలిచినప్పుడు "మనం" అనే మాట ఎక్కువ వినిపించేది. ఓడినప్పుడు అది తగ్గి, టీమ్ "వాళ్ళు" అయిపోయేది. అదేమీ తప్పు కాదు, మనుషుల తీరే అంత. మీ టీమ్ గెలుస్తున్నప్పుడు వచ్చే జనంలో చాలామంది ఇలాంటివాళ్ళే. వాళ్ళ టికెట్ డబ్బులు తీసుకోండి, సంతోషంగా పంపండి, కానీ లెక్కలు మాత్రం వాళ్ళ మీద వేసుకోకండి. మీకు కావలసింది ఓడిన సోమవారం కూడా "మనం ఛండాలంగా ఆడాం" అనేవాడు. తిట్టినా "మనం" అనే తిడతాడు.

అలాంటివాళ్ళు ఒక రాష్ట్రం నిండా ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే నెబ్రాస్కా. లింకన్‌లోని మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి హోమ్ గేమ్ సోల్డ్ అవుటే, ఆ వరస 400 గేమ్‌లు దాటింది. రాష్ట్ర జనాభా మొత్తం సుమారు 20 లక్షలే. 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడు సీజన్లు వాళ్ళు గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. అయినా ఆ వరస తెగలేదు. నిజం చెప్పాలంటే మధ్యలో దాతలు మిగిలిన టికెట్లు కొని పేదపిల్లలకు ఇచ్చి దాన్ని నిలబెట్టారు. కొందరు దీన్ని ఎగతాళి చేస్తారు. నాకు మాత్రం అందులోనే అసలు విషయం కనిపిస్తుంది: టీమ్ ఓడటం కంటే ఆ వరస తెగడం వాళ్ళకు ఎక్కువ అవమానం. అక్కడ ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) టీమ్ లేదు కాబట్టి ఉన్నదంతా కాలేజీ టీమే అనే సౌకర్యం ఉంది, ఒప్పుకుంటాను. మీ ఊరికి గంట దూరంలో ప్రొఫెషనల్ టీమ్ ఉంటే మీ పని అంత తేలిక కాదు.

దానికి ఎదురుగా కొలరాడో యూనివర్సిటీని పెట్టి చూడండి. 2022లో 1-11, అంటే ఒక గెలుపు, పదకొండు ఓటములు. 2023లో ఒకప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ డియాన్ శాండర్స్ కోచ్‌గా వచ్చాడు, ఆ ఏడాది హోమ్ గేమ్‌లన్నీ అమ్ముడుపోయాయి. రికార్డు మాత్రం 4-8. గెలవకుండానే జనం వచ్చారంటే అది కూడా విధేయతే కదా అని మా పాత బాస్ ఒకాయన వాదించేవాడు. కాదంటాను. అది ఒక మనిషిని చూడటానికి వచ్చిన జనం. మన దగ్గర సినిమాకి మొదటిరోజు మొదటి ఆటకి వచ్చే జనం లాంటిది: అందులో హీరో ఫ్యాన్స్ ఉంటారు, చూసిపోదామని వచ్చినవాళ్ళూ ఉంటారు, ఎవరు ఎవరో రెండో వారంలో తెలుస్తుంది. మీకు అలాంటి కోచ్ దొరికితే మంచిదే. కానీ ఆ జనం వచ్చిన రెండేళ్ళలో వాళ్ళను పక్క సీట్లవాళ్ళతో కలపకపోతే, ఆ కోచ్ ఎప్పుడు వెళ్తే అప్పుడు వాళ్ళూ వెళ్తారు.

పక్క సీటు గురించి నాకు బాగా బుద్ధి వచ్చిన సంగతి ఒకటుంది. మా స్టేడియంలో యాభై గజాల గీత దగ్గర, పడమటి వైపు, రెండు వరసలు పాతకాలపు సీజన్ టికెట్లవాళ్ళవి. ఓ ఏడాది అక్కడ కుషన్ సీట్లతో క్లబ్ సెక్షన్ కట్టాలని పైన నిర్ణయించారు. ఉన్నవాళ్ళకి అంతే మంచి సీట్లు, కొందరికి ఇంకా మంచివి, వేరేచోట ఇచ్చాం. ధర కూడా పెంచలేదు. ఎవరిని ఎక్కడికి మార్చాలో లెక్కవేసిన స్ప్రెడ్‌షీట్ నాదే, చాలా గర్వంగా చేశాను. తర్వాతి సీజన్‌కి వాళ్ళలో సగంమంది రెన్యూ చేయలేదు. కారణం కనుక్కుందామని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ముప్ఫై ఏళ్ళుగా వస్తున్న ఓ రైతు ఇలా అన్నాడు: "సీటు బాగానే ఉందయ్యా, కానీ అక్కడ నాకు ఎవరూ తెలీదు." ఆయన వెనక వరసలో కూర్చునే మనిషి పిల్లల పెళ్ళిళ్ళకి ఈయన వెళ్ళాడు. ఈయన భార్య పోయినప్పుడు ఆ వరసంతా ఇంటికి వచ్చింది. ఆ వరసనే మేం ముక్కలు చేసి నాలుగు సెక్షన్లలో పడేశాం. సీట్ నంబర్లు చూసుకున్నాను, మనుషుల్ని చూసుకోలేదు. ఆ తర్వాత డేటాబేస్‌లో కొత్త కాలమ్ ఒకటి పెట్టాను, ఎవరు ఎవరి పక్కన ఎన్నేళ్ళుగా కూర్చుంటున్నారు అని. సీట్లు మార్చాల్సి వస్తే గుంపును గుంపుగానే మార్చాలి. ఇదొక్కటి మీ ఆఫీసులో చెప్పి చూడండి, ఖర్చు లేని పని.

ఇక విద్యార్థులు. మీరు టికెట్లు ఊరికే పంచామన్నారు. మామూలుగా విద్యార్థి టికెట్ చాలా యూనివర్సిటీల్లో ఫీజులోనే కలిసి ఉంటుంది, కాబట్టి ఊరికే అన్న మాటకి వాళ్ళ దగ్గర విలువ లేదు. పంచిన టికెట్లు ఎన్ని అని చూడకండి, గేటు దగ్గర స్కాన్ అయినవి ఎన్ని అని చూడండి, వాటిలో మూడో క్వార్టర్‌కి, అంటే విరామం తర్వాత, లోపల ఉన్నవాళ్ళెందరో చూడండి. ఈ మూడో లెక్కకి మెషీన్ లేదు. నేను ప్రెస్ బాక్స్ పక్కన నిలబడి హాఫ్‌టైమ్ అయ్యాక ఫోటో తీసేవాణ్ణి, ప్రతి గేమ్‌కీ ఒకే చోటునుంచి. హాఫ్‌టైమ్‌లో స్టూడెంట్ సెక్షన్ టెయిల్‌గేట్‌కి (స్టేడియం బయట పార్కింగ్‌లో జరిగే విందుకి) వెళ్ళి తిరిగి రాకపోవడం దేశమంతా ఉన్న జబ్బే, పెద్ద టీమ్‌లకు కూడా ఉంది. టీషర్టు కోసం వచ్చినవాడు టీషర్టు చేతికి రాగానే వెళ్తాడు. వాడి తప్పేముంది, మనం పిలిచిందే దానికి.

మాకు పనిచేసింది హాస్టల్ అంతస్తులు. ఆగస్టులో మూవ్-ఇన్ జరిగే వారం కొత్త పిల్లలకి ఎవరూ తెలియరు, శనివారం ఏం చేయాలో తెలియదు, ఇంటి మీద బెంగ. ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు, అది మీరైతే మంచిది. ఒక్కో హాస్టల్ అంతస్తుకి స్టూడెంట్ సెక్షన్లో ఓ చిన్న బ్లాక్ కేటాయించాం, మొదటి మూడు గేమ్‌లకి మాత్రమే. ఆ అంతస్తు చూసుకునే సీనియర్ విద్యార్థి, అంటే ఆర్‌ఏ, అందర్నీ కలిసి నడిపించుకొస్తాడు. బోర్డు లేదు, డీజే లేదు, బహుమతి లేదు. మూడో గేమ్ తర్వాత ఎక్కడైనా కూర్చోవచ్చు అని చెప్పాం. చాలామంది అదే చోటికి వచ్చి కూర్చున్నారు. మార్కెటింగ్‌వాళ్ళు దీన్ని నమ్మలేదు, ఎందుకంటే ఫోటో తీసి చూపించడానికి ఇందులో ఏమీ లేదు. ఎందుకు మూడు గేమ్‌లే అంటే, మా పాత స్కాన్ రికార్డులు తిరగేసినప్పుడు సెప్టెంబరులో మూడుసార్లు వచ్చినవాడు నవంబరు చలిలో కూడా రావడం, ఒక్కసారి వచ్చినవాడు మళ్ళీ కనబడకపోవడం కనిపించింది. ఇది మా చోట సంగతి. మీ దగ్గర రెండు కావచ్చు, నాలుగు కావచ్చు, మీ రికార్డులు మీరే తీసి చూసుకోండి.

సంప్రదాయాల గురించి అందరూ అడుగుతారు, మనమూ ఏదైనా పెడదామా అని. పెట్టకండి. మేమూ ఓసారి పెట్టాం, మూడో డౌన్‌లో, అంటే పది గజాల కోసం చేసే మూడో ప్రయత్నంలో, అందరూ తువ్వాళ్ళు ఊపాలని. వేల తువ్వాళ్ళు కొన్నాం. జనం వాటిని ఎండకి నెత్తిన కప్పుకున్నారు. అదే రోజుల్లో ఎవరూ పెట్టకుండా వచ్చింది ఇంకొకటి ఉంది. మా దక్షిణపు గోల్‌పోస్ట్ వెనక గూడ్స్ రైలు పట్టాలున్నాయి. ఓ శనివారం రైలు వెళ్తుంటే ఆ చివర సెక్షన్ పిల్లలు చేతులు ఊపారు, డ్రైవర్ హారన్ కొట్టాడు. తర్వాతి గేమ్‌కీ అంతే. రెండేళ్ళలో రైలు కూత వినబడితే స్టేడియం మొత్తం లేచి కూత పెట్టడం మొదలైంది, ఆటలో ఏం జరుగుతున్నా సరే. అప్పుడు మేం చేయాల్సిన పని ఒక్కటే, ఆ నిమిషంలో స్పీకర్లలో పాట ఆపడం. ఆపాం. తర్వాత దానికి స్పాన్సర్ తెద్దామని, స్క్రీన్ మీద ఓ ఇన్సూరెన్స్ ప్రకటన వేద్దామని ఒకరన్నారు. ఆ మీటింగ్‌లో నేను గొంతు పెంచాను. పదిహేడేళ్ళలో అలా రెండుసార్లే చేశాను.

పెద్ద ఉదాహరణ కావాలంటే అయోవా. 2017లో వాళ్ళ కినిక్ స్టేడియం పక్కన పిల్లల ఆసుపత్రి కొత్త భవనం తెరిచారు, పై అంతస్తుల కిటికీల్లోంచి మైదానం కనబడుతుంది. మొదటి క్వార్టర్ అయ్యాక అందరూ ఆ కిటికీల వైపు తిరిగి పిల్లలకి చెయ్యి ఊపుదామని ఓ అభిమాని ఫేస్‌బుక్‌లో అన్నారు. ఇప్పుడు దాదాపు డెబ్భై వేలమంది, ఎదుటి టీమ్ ఆటగాళ్ళు, రిఫరీలు కూడా ఊపుతారు. ఏ ఏజెన్సీకీ తట్టని ఆలోచన అది. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు. 1922 జనవరి 2న డాలస్‌లో జరిగిన ఆటలో గాయాలతో ఆటగాళ్ళు తగ్గిపోతుంటే, ప్రెస్ బాక్స్‌లో ఉన్న ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిచి డ్రెస్ వేయించారు. అతను చివరిదాకా సిద్ధంగా నిలబడే ఉన్నాడు. ఆడే అవసరం రాలేదు. వందేళ్ళుగా వాళ్ళు తలుచుకునేది ఆడని ఆ మనిషినే, వాళ్ళ "ట్వెల్త్ మ్యాన్", అంటే పన్నెండో ఆటగాడు, అతనే. విస్కాన్సిన్‌లో మూడో క్వార్టర్ తర్వాత ఒక పాటకి అందరూ గెంతుతారు, 1998 నుంచి ఉంది. 2003లో స్టేడియం మరమ్మతుల సమయంలో భద్రత అని ఆ పాట ఆపితే విద్యార్థులు ఎంత గొడవ చేశారంటే, కట్టడం గట్టిగానే ఉందని చెప్పి మళ్ళీ పెట్టాల్సివచ్చింది. పాట ఆపితే ఎవరైనా గొడవ చేస్తారా అనేదే మంచి పరీక్ష. మీ స్టేడియంలో ఏది ఆపితే గొడవ అవుతుందో ఓ కాగితం మీద రాసుకోండి. ఏమీ తట్టకపోతే స్టాండ్స్‌లో తిరగండి, తప్పకుండా ఓ మూల ఏదో ఒకటి మొలకెత్తుతూ ఉంటుంది. దాని మీద నీళ్ళు ఎక్కువ పోయకండి.

ధర విషయం త్వరగా చెప్తాను కానీ ఇది చాలా ముఖ్యం. మిషిగన్ స్టేడియంలో కూర్చునేచోటు లక్షా ఏడు వేలకు పైనే, 1975 నవంబరు నుంచి అక్కడ లక్ష తగ్గని వరస ఉంది, కోవిడ్ ఏడాది తప్ప. అంతటి చోట కూడా 2013లో విద్యార్థుల సీజన్ టికెట్ ధర బాగా పెంచి దాదాపు 300 డాలర్లు చేశారు, కూర్చునే పద్ధతి కూడా మార్చారు. 2014కి విద్యార్థుల టికెట్లు సుమారు మూడో వంతు తగ్గిపోయాయి. అదే సీజన్ మధ్యలో అథ్లెటిక్ డైరెక్టర్ రాజీనామా చేశాడు, తర్వాతి ఏడాది ధర 175కి దించారు. అక్కడి జనాదరణ పెద్దది కాబట్టి తట్టుకున్నారు. మీ దగ్గర అలా జరిగితే ఆ పిల్లలు పూర్వ విద్యార్థులయ్యాక కూడా రారు. ఒక్క మంచి సీజన్ చూసి ధర పెంచకండి. కనీసం రెండేళ్ళు ఆగమని చెప్పండి. వినరు, అయినా చెప్పండి.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో లేని చిక్కు ఒకటి ఇప్పుడు మీకుంది. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, యూనివర్సిటీ మారినా ఏడాది ఆగకుండా వెంటనే ఆడవచ్చు. 2025లో వచ్చిన కోర్టు సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్ళకి ఏడాదికి దాదాపు రెండు కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. చిన్న టీమ్‌లో ఒక కుర్రాడు బాగా ఆడాడంటే సీజన్ అవగానే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలో) ఉంటాడు. అతన్ని నేను తప్పుపట్టను, ఆ వయసులో ఆ డబ్బు వస్తుంటే ఎవరు మానతారు. కానీ మా ఆఫీసు ఓ ఏడాది క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) బొమ్మతో బస్సుల నిండా పోస్టర్లు వేసింది, అవి చింపకముందే అతను ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు. పిల్లలు ఆ జెర్సీ కొనిపించుకున్నారు. అమ్మానాన్నల ఫోన్లు నాకే వచ్చాయి. అప్పటినుంచి పోస్టర్ మీద మార్చింగ్ బ్యాండ్, స్టేడియం, ఊళ్ళోనే పుట్టిన నాలుగో ఏడాది లైన్‌మెన్ (ముందు వరసలో అడ్డు నిలిచేవాళ్ళు), వీటినే వేయమని చెప్పేవాణ్ణి. లైన్‌మెన్ బొమ్మలకి గ్లామర్ తక్కువే, ఏం చేస్తాం. అన్నట్టు బ్యాండ్‌ని చిన్నచూపు చూడకండి. రెండు మూడు వందలమంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ఓడినా గెలిచినా ప్రతి గేమ్‌కీ వస్తారు. వాళ్ళకంటే నమ్మకమైన జనం మీకు దొరకరు. హాఫ్‌టైమ్‌లో వాళ్ళు వాయిస్తుంటే స్క్రీన్ మీద ప్రకటనలు వేసే అలవాటు మీ దగ్గర ఉంటే ముందు అది మాన్పించండి.

ఊరివాళ్ళ పిల్లల సంగతి పదేళ్ళ పని. మేం చిన్నపిల్లల క్లబ్ ఒకటి నడిపాం, పుట్టినరోజుకి ఆటగాడు చేత్తో రాసిన కార్డు వెళ్ళేది. అచ్చు వేసింది కాదు, చేత్తో రాసింది, తప్పులతో సహా. ఆరేళ్ళప్పుడు వచ్చిన కార్డును అద్దానికి అంటించుకున్న పిల్ల పద్దెనిమిదేళ్ళకి మా దగ్గరే చేరి నా కింద స్టూడెంట్ వర్కర్‌గా పనిచేసింది. ఇలాంటివి పవర్ పాయింట్‌లో పెడితే ఎవరూ బడ్జెట్ ఇవ్వరు, పన్నెండేళ్ళ తర్వాత లాభం అంటే నవ్వుతారు. కార్డులకి అయ్యేది తపాలా ఖర్చే కాబట్టి మేం అడక్కుండా చేసుకుపోయాం.

మన తెలుగు పిల్లల గురించి మీరు అడగలేదు, కానీ మీ క్యాంపస్‌లో వందలమంది ఉంటారని నా అంచనా, అందుకే చెప్తున్నా. వాళ్ళని ఎవరూ పిలవరు. ఫీజులో స్పోర్ట్స్ ఫీజు కడతారు, టికెట్ ఉందని కూడా చాలామందికి తెలియదు. శనివారం డైనింగ్ హాల్లో షిఫ్టో, స్టేడియంలోనే కౌంటర్లో షిఫ్టో, నాలాగే. మేం సీజన్‌కి ముందు ముప్పావు గంట క్లాసు పెట్టాం: నాలుగు డౌన్లలో పది గజాలు. క్రికెట్ ఓవర్‌తో మొదలుపెడితే తొందరగా ఎక్కుతుంది. నాలుగు బంతుల ఓవర్, పది పరుగులు వస్తే ఇంకో ఓవర్ నీకే, రాకపోతే బ్యాటింగ్ వాళ్ళకి. మొదటి ఏడాది పెప్పరోనీ పిజ్జా తెప్పించి సగంమందిని ఆకలితో పంపాం, అది నా బుద్ధితక్కువ. తర్వాతి ఏడాది టెయిల్‌గేట్‌లో ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్‌కి చోటిచ్చాం. చలిలో మిరపకాయ బజ్జీల వాసనకి పక్క టెంట్ల అమెరికన్ ముసలాళ్ళు లైన్ కట్టారు. మాస్టర్స్ పిల్లలు రెండేళ్ళలో డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిపోతారు కదా, లాభమేమిటి అంటారు మీ పైవాళ్ళు. మిస్సోరిలోని మేరీవిల్ చూపించండి. నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్‌లో చదివిన తెలుగువాళ్ళు దేశమంతా ఉన్నారు. ఆ టీమ్ డివిజన్ టూలో (కాలేజీ ఆటల రెండో శ్రేణిలో) ఆరుసార్లు జాతీయ ఛాంపియన్. డివిజన్ టూ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా బేర్‌క్యాట్ (ఆ టీమ్ గుర్తు) స్వెట్‌షర్ట్ వేసుకుని తిరగడం నేను కళ్ళారా చూశాను.

కొన్ని హెచ్చరికలు. అన్నీ సరిగ్గా చేసినా ఏడాదంతా ఒక్క గేమ్ కూడా గెలవకపోతే జనం తగ్గుతారు, దానికి మందు లేదు. మీరు చేయగలిగింది ఎంత తగ్గుతారు అనే దాని మీదే. అప్పుడు మెయిళ్ళలో "అద్భుతమైన సీజన్" అని రాయకండి, చూస్తున్నవాళ్ళకి కళ్ళున్నాయి. ఓడాక సోమవారం ఉదయం మెయిల్ వెళ్ళాలంటే నేను ఒక్కటే రాసేవాణ్ణి: నిన్నకాక మొన్న మనం బాగా ఆడలేదు, వచ్చే శనివారం ఒంటిగంటకి ఆట, పార్కింగ్ ఇక్కడ. మీ టీమ్ నవంబరులో టీవీ కోసం మంగళవారం, బుధవారం రాత్రులు ఆడే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే టీమ్‌ల గుంపులో) ఉంటే ఆ గేమ్‌ల హాజరు చూసి నిరాశపడకండి, బడి ఉన్న రోజు చలిలో పిల్లల్ని తెచ్చేవాళ్ళు తక్కువ. ఇంకోటి, రెన్యూ చేయనివాళ్ళకి ఫోన్ చేస్తే ఓటమి గురించి చెప్తారేమో అనుకుంటారు. నాకు ఎక్కువగా వినబడింది పార్కింగ్‌లోంచి బయటపడటానికి గంట పట్టడం, ఆడవాళ్ళ బాత్రూమ్ దగ్గర లైన్. వీటిని సరిచేస్తే ఎవరూ అభిమానులు అవరు. సరిచేయకపోతే ఉన్నవాళ్ళు పోతారు.

అసలు మనవాళ్ళు ఉన్నారా లేరా అని మీకు అనుమానం వస్తే బర్మింగ్‌హామ్ గుర్తుతెచ్చుకోండి. 2014 డిసెంబరులో అలబామా బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ఖర్చు ఎక్కువైందని ఫుట్‌బాల్ మూసేసింది. అంతకుముందు ఆ స్టేడియం ఎప్పుడూ బోసిగా ఉండేది, వీళ్ళకి ఫ్యాన్సే లేరనేవారు. మూసేశాక ఊరు లేచింది. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, వ్యాపారులు చందాలు పోగుచేశారు, ఆరు నెలల్లో యూనివర్సిటీ నిర్ణయం మార్చుకుంది. 2017లో మళ్ళీ ఆడిన మొదటి హోమ్ గేమ్‌కి 45 వేల మందికి పైగా వచ్చారు. ఆ జనమంతా అంతకుముందూ ఆ ఊళ్ళోనే ఉన్నారు.

మీ పరిస్థితిలో, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ చేతిలో అధికారం ఏమీ ఉండదని తెలుసు. అందుకే ఒక్క పనితో మొదలుపెట్టండి. హౌసింగ్ ఆఫీసుకి వెళ్ళి ఆగస్టులో చేరబోయే ఆర్‌ఏల లిస్టు అడగండి. ప్రైవసీ అని ఇవ్వరు. అప్పుడు లిస్టు వద్దు, వాళ్ళ ట్రైనింగ్ రోజున పది నిమిషాలు మాట్లాడనివ్వమని అడగండి. అది ఇస్తారు. నాకు అలాగే ఇచ్చారు, మూడోసారి అడిగాక.